ట్రాక్టరు ప్రమాదములు – రైతు బాధ్యత

ములకలపల్లి ప్రాంతమున పామాయిలు తోటలతోపాటు ట్రాక్టర్లును పెరిగినవి. ట్రాక్టరు బోల్తాపడి కూలివాడు మరణించినచో, పెద్దమనుష్యుల యెదుట కొంత సొమ్మిచ్చి కాగితము వ్రాయించుకొన్న చాలునని తలంచువారు మనలో గలరు. చట్టమట్లనదు. 1923 నాటి కార్మిక నష్టపరిహార చట్టమున ట్రాక్టరు సేద్యపు కూలియు చేరియుండెను. 2025 నవంబరు 21 నుండి 2020 నాటి సామాజిక భద్రతా స్మృతి దాని స్థానమున నమలగుచున్నది. మరణ పరిహారమును ప్రభుత్వము నియమించిన అధికారి యొద్ద జమచేయవలెను. మూడు నెలల కూలికి మించని ముందస్తు సొమ్ము తక్క, ఆశ్రితుల చేతికిచ్చినది చెల్లుగాదు.

నెలకు 10,000 రూపాయలు గడించు 40 ఏండ్లవాడు మరణించెననుకొందము. అందు సగమును, ఆ వయస్సునకు విధించిన 184.17 చే హెచ్చింపగా 9,20,850 రూపాయలగును. చిన్న రైతునకిది మోయరాని భారమే; పెనిమిటిని గోల్పోయిన యిల్లాలికి మాత్రము అధికమనజాలము. కావున ట్రాక్టరు భీమాపత్రమున డ్రైవరునకును కూలీలకును రక్షణ గలదో లేదో దుక్కులకు ముందే విచారించుకొనుడని సభ్యులకు మా మనవి.