రంగునీటికి అయస్కాంతం

మన ఇళ్లలో వాడే బనియన్లు, టీషర్టుల్లో చాలావాటి పుట్టిల్లు తమిళనాడులోని తిరుప్పూరు. ఆ ఊరి మీదుగా పారే నొయ్యల్ నది అద్దకం యూనిట్ల నీటితో పాడైపోయింది. దిగువన సాగు కోసం కట్టిన ఒరత్తుపాళయం ఆనకట్ట నీరు పొలాలకు పనికిరాకుండా పోయింది. రైతులు కోర్టుకెక్కారు. చివరికి 2011 జనవరిలో మద్రాసు హైకోర్టు అక్కడి అద్దకం యూనిట్లను మూసేయమంది. వ్యర్థజలం చుక్క కూడా బయటికి పోని ఏర్పాటు చేసుకున్నాకే తెరవాలని షరతు పెట్టింది.

అసలు రంగు నీటిలో ఎందుకు మిగిలిపోతుంది? నూలుకు ఎక్కువగా వాడే రియాక్టివ్ రంగులు పోగులోని సెల్యులోజ్‌తో రసాయనికంగా ముడిపడతాయి. కానీ తొట్టిలో వేసిన రంగంతా పోగును చేరదు. కొంత నీటితోనే చర్య జరిపి చెడిపోతుంది. రకాన్ని బట్టి పదో వంతు నుంచి మూడో వంతు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ, కాలువ పాలవుతుంది. ఎండకు, సబ్బుకు, చెమటకు చెక్కు చెదరకూడదనే తయారుచేసిన అణువులివి. మురుగును శుద్ధిచేసే సూక్ష్మజీవులకు ఒక పట్టాన లొంగవు. ఆక్సిజన్ లేనిచోట వీటిలో అజో రకం రంగులు విరిగినా, వాటి నుంచి పుట్టే ఆరోమాటిక్ ఎమీన్లనే రసాయనాల్లో కొన్ని కేన్సర్ కారకాలు. నీళ్లు తేటపడ్డాయంటే విషం పోయినట్టు కాదు.

ఉత్తేజిత బొగ్గుపొడి రంగును బాగానే పీలుస్తుంది. చిక్కంతా ఆ మెత్తటి పొడిని మళ్లీ నీటిలోంచి తీయడంలోనే. వడపోస్తే ఫిల్టర్లు పూడుకుపోతాయి. అయస్కాంత నానోకణాల మీద శాస్త్రవేత్తలకు ఆశ కలిగింది ఇక్కడే.

వీటి తయారీకి పెద్ద హంగు అక్కర్లేదు. ఫెర్రిక్ లవణం రెండు పాళ్లు, ఫెర్రస్ లవణం ఒక పాలు నీటిలో కరిగించి, గాలి తగలకుండా వేడిచేస్తూ అమ్మోనియా కలుపుతారు. గోధుమరంగు ద్రావణం చూస్తుండగానే నల్లబడుతుంది. అడుగున చేరే ఆ నల్లపొడే మాగ్నటైట్. ఒక్కో కణం 10 నానోమీటర్లుంటే, అంటే మిల్లీమీటరులో లక్షో వంతు, ఒక్క గ్రాము పొడికి వంద చదరపు మీటర్లకు పైగా ఉపరితలం ఉంటుంది. గడ్డ బెల్లం కన్నా తరిగిన బెల్లం త్వరగా కరగడానికి కారణమేదో, ఈ పొడి అంత రంగును పట్టుకోవడానికీ అదే కారణం.

మిథిలీన్ బ్లూ కలిపిన నీలపు నీటిలో ఈ పొడి చిటికెడు వేసి కుదిపితే నీలం పలచబడుతుంది. సీసా పక్కన బలమైన అయస్కాంతం ఆనిస్తే, నల్లటి మసక అంతా ఆ వైపు గాజుకు అంటుకుపోతుంది. తేటనీరు వంపేసుకోవచ్చు. అయస్కాంతం తీసేసి మళ్లీ నీళ్లు పోస్తే పొడి విడిపోతుంది. మామూలు ఇనుపరజను ఒకసారి అయస్కాంతానికి తగిలితే ఎంతోకొంత అయస్కాంతమై గుంపు కడుతుంది. ఇంత చిన్న కణాల్లో గది వేడిమికే అయస్కాంత దిశ అటూ ఇటూ తిరిగిపోతూ ఉంటుంది కాబట్టి, బయటి అయస్కాంతం తీయగానే ఆ గుణం మిగలదు. దీన్నే సూపర్ పారా అయస్కాంతత్వం అంటారు. నా దృష్టిలో ఈ పద్ధతి అసలు బలం రంగును పీల్చడంలో కన్నా ఇలా తిరిగి చేతికి రావడంలోనే ఉంది.

ఏ రంగు అంటుకుంటుందన్నది నీటి పీహెచ్ మీద ఆధారపడుతుంది. ఆమ్లంలో మాగ్నటైట్ ఉపరితలానికి ధనావేశం వస్తుంది, కాంగో రెడ్ వంటి రుణావేశపు రంగులను లాగుతుంది. క్షారంలో ఆవేశం తారుమారై ధనావేశపు మిథిలీన్ బ్లూను లాగుతుంది. కణాల మీద కైటోసాన్ పూత వేస్తే రుణావేశపు రంగుల మీద పట్టు పెరుగుతుంది. కైటోసాన్ రొయ్య పొట్టు నుంచి వస్తుంది. రొయ్యల సాగులో దేశంలోనే ముందున్న ఆంధ్రప్రదేశ్‌కు ఆ పొట్టు కరువు కాదు. మన విశ్వవిద్యాలయాల రసాయనశాస్త్ర విద్యార్థులు చేయదగిన పని ఇందులో ఎంతో ఉంది.

అయితే రంగు మాయం కాలేదు, పొడి మీదికి చేరిందంతే. క్షారంతోనో ఆల్కహాల్‌తోనో కడిగితే చిక్కటి రంగునీరు కొద్దిగా మిగులుతుంది. దాన్ని విడిగా నాశనం చేయాలి. హైడ్రోజన్ పెరాక్సైడ్ తోడైతే పొడిలోని ఇనుమే ఆ రంగు అణువులను ముక్కలు చేయగలదు కానీ, ఆ చర్య పూర్తిగా జరగాలి. పైగా కడిగిన ప్రతిసారీ పొడి పట్టు కొంత తగ్గుతూ వస్తుంది.

అంతకన్నా పెద్ద సమస్య ఉప్పు. రంగు పోగుకు పట్టడానికి తొట్టిలో ధారాళంగా ఉప్పు వేస్తారు. నొయ్యల్ కింది పొలాలను చెడగొట్టినదాంట్లో ఆ ఉప్పుది పెద్ద పాలు. నానోకణాలు దాన్ని ముట్టుకోవు. దానికి రివర్స్ ఆస్మోసిస్ పొరలు, నీటిని ఆవిరిచేసే యంత్రాలే దిక్కు. ఆ ఖరీదైన పొరల దాకా రంగు పోకుండా ముందే పట్టేయడమే ఈ కణాలకు తగిన పని.

కాబట్టి ‘నానోకణాలతో 99 శాతం రంగు మాయం’ అన్న వార్త ఎక్కడైనా చదివితే, ఆ ప్రయోగం స్వేదనజలంలో జరిగిందా, అద్దకం తొట్టి నుంచి వచ్చిన ఉప్పునీటిలో జరిగిందా అని ముందు చూడండి. తర్వాత ఆ రంగును చివరికి ఏం చేశారో అడగండి.