కుండ చెమరుస్తుంది, జాడీ చెమర్చదు... ఎందుకు?

తమిళనాడులోని ధర్మపురి ప్రాంతంలో సంక్రాంతికి పొంగలి కుండలు, కార్తిక దీపానికి ప్రమిదలు, ఎండాకాలానికి నీళ్ల కుండలు కావాలి. ఏ కాలానికి ఆ మట్టి వస్తువు! నీళ్ల కుండ బయట ఎప్పుడూ చెమ్మగా ఉంటుంది. ఊరగాయ జాడీ మాత్రం పొడిగా ఉంటుంది. రెండూ మట్టివేగా, మరి ఈ తేడా ఎందుకు?

కుండ ఎందుకు చెమరుస్తుంది?
మట్టిని సుమారు 600 డిగ్రీల సెల్సియస్ దాటేలా కాలిస్తే, దానిలో రసాయనికంగా కలిసి ఉన్న నీరు పోతుంది. ఇక అది నానినా బురద కాదు. కానీ సన్నని రంధ్రాలు మిగులుతాయి. వాటిలోంచి ఊరిన నీరు ఆవిరవుతూ వేడిని తీసుకుపోతుంది. అందుకే కుండనీళ్లు చల్లన.

జాడీ ఎందుకు చెమర్చదు?
దానిపై గ్లేజు, అంటే గాజు పూత ఉంటుంది. గాజుకు మూలమైన సిలికా కరగాలంటే సుమారు 1,700 డిగ్రీలు కావాలి. ఆ వేడికి మామూలు కుండ నిలవదు. అందుకే సోడా, సున్నం వంటివి కలిపి తక్కువ వేడికే కరిగేలా చేస్తారు. కరిగిన పూత జారకుండా, అందులోని అల్యూమినా అనే పదార్థం పట్టి ఉంచుతుంది. కరిగిన పూత చల్లారి రంధ్రాలను మూసేస్తుంది.

ఇంట్లో ఎలా?
మట్టిని బాగా పిసికి, గాలి బుడగలు పోగొట్టి ప్రమిద చేయండి. నీడలో ఆరనివ్వండి. ఎండలో పెడితే అంచులు ముందే ఆరి, కుంచించుకుని పగులుతాయి. కాల్చడం, గ్లేజు వేయడం మాత్రం బట్టీ ఉన్నచోట, పెద్దల సాయంతోనే. సీసం కలిసిన గ్లేజు పాత్రలో పులుపు పెడితే ఆ విషం తిండిలోకి దిగవచ్చు. తినే గిన్నెకు సీసం లేని గ్లేజే వాడాలి.