కంచంలో కొండ తగ్గాలి

బరువు తగ్గడానికి సురక్షితమైన వేగం వారానికి సుమారు అర కిలో. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ మార్గదర్శకాల ప్రకారం, తగ్గాలనుకునేవారి తిండి కూడా రోజుకు వెయ్యి కేలరీల కిందికి దిగకూడదు. 1918లో కూనూరులో బెరిబెరి పరిశోధనతో మొదలై, 1958లో హైదరాబాద్‌కు వచ్చిన ఈ సంస్థ దశాబ్దాలపాటు తిండి చాలనివారి జబ్బులనే ఎక్కువగా పట్టించుకుంది. ఇప్పుడు లావునూ పట్టించుకోక తప్పడం లేదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణ స్త్రీ పురుషులు పదిమందిలో ముగ్గురు అధిక బరువున్నవారే.

బరువుకన్నా ముందు నడుముకు టేపు పెట్టడం మేలు. మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్తపడాలి. కాళ్లూ చేతులూ సన్నగానే ఉండి పొట్ట మాత్రం పెరగడం మనవాళ్లలో మామూలే. మధుమేహానికి దారితీసేది ముఖ్యంగా ఆ పొట్టే.

హైదరాబాద్ శివారు పెద్ద అంబర్‌పేట్ నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాకా ఏ ఇంటి కంచం చూసినా సింహభాగం తెల్లన్నానిదే. రెండువేల కేలరీల భోజనానికి పోషకాహార సంస్థ కేటాయించిన ధాన్యం 250 గ్రాములు; కూరగాయలు 400, పప్పులు 85, నూనె 27 గ్రాములు. మూడు పూటలా కలిపి 400 గ్రాముల బియ్యం తినే మనిషి 250కి దిగితే రోజుకు 500 కేలరీలకు పైగా మిగులుతాయి. వారానికి అర కిలో లెక్క దాదాపు అక్కడే తేలిపోతుంది. అన్నం తగ్గిన చోట సొరకాయ, బీరకాయ, తోటకూర పప్పు చేరితేనే ఆకలి ఆగుతుంది. ఉత్త కడుపు మాడ్చుకున్నవారు సాయంత్రం మిర్చి బజ్జీల బండి దగ్గర తేలతారు.

బియ్యం మానేసి కొర్రలు, జొన్నలు పట్టుకుంటే చాలనుకోవడం పొరపాటు. గ్రాముకు గ్రాము కేలరీల్లో పెద్ద తేడా లేదు. పీచు ఎక్కువ, నమలడానికి సమయం పడుతుంది కాబట్టి జొన్నరొట్టె రెండింటితో చేయి ఆగుతుంది. మేలంతా అందులో ఉంది. కొర్రన్నాన్నీ కొలిచే వడ్డించుకోవాలి.

నూనె సంగతి అంతకన్నా గడ్డు. పెద్ద చెంచాడు నూనె 120 కేలరీలు. సీసా ఎత్తి పోయకుండా చెంచాతో కొలవడం ఒక్కటే దానికి మందు. టిఫిన్‌కు పూరీ, వడకన్నా ఇడ్లీ నయం, పక్కన చట్నీ బదులు సాంబారు ఉంటే. రోజుకు నాలుగు చాయ్‌లు తాగేవారు ముందు చూసుకోవాల్సింది చక్కెర. కొత్తపేట పండ్ల మార్కెట్ బాటసింగారం తరలిరావడంతో పెద్ద అంబర్‌పేట్‌కు పండ్లు మరీ దగ్గరయ్యాయి. అయితే పండు తినాలి. రసంగా తాగితే పీచు పోయి చక్కెర మిగులుతుంది.

బరువు తగ్గేకొద్దీ శరీరానికి కావలసిన శక్తీ తగ్గుతుంది, కాబట్టి కొన్ని నెలలకు ముల్లు కదలకుండా నిలిచిపోవడం సహజం. అప్పుడు తిండి ఇంకా కోసుకోవడం కన్నా నడక పెంచడం మంచిది. ఇన్సులిన్ లేదా మధుమేహం మాత్రలు వాడేవారు మాత్రం అన్నం తగ్గించేముందే డాక్టరుకు చెప్పి మోతాదు సరిచేయించుకోవాలి, లేదంటే రక్తంలో చక్కెర ఒక్కసారిగా పడిపోవచ్చు.