కన్నులార చూచిన సాక్ష్యము

దొంగను కన్నులార చూచినవారుండగా ఇక విచారణ యెందులకని పలువురు తలంతురు. సాక్షి అబద్ధికుడు కానిచో అతని మాటయే చాలదా యని అడుగుదురు. కాని సత్యమే పలుకుచున్నానని నమ్మి, ఒకనిని చూచి మరియొకడని పొరబడు మంచివాడును లోకమున గలడు. అబద్ధము అడ్డుప్రశ్నలకు లొంగవచ్చును. నిజాయితీగల పొరపాటు అంత సులభముగా బయటపడదు. దోపిడి కేసులలో ఈ చిక్కు ఎట్లు వచ్చునో, చట్టము దానినెట్లు విప్పజూచునో మేమిచట వివరింతుము.

రద్దీ బస్సులో మనకు తెలియకుండ పర్సు తీసినచో అది దొంగతనము. కత్తి చూపి, అప్పటికప్పుడే పొడుతునని భయపెట్టి లాగుకొన్నచో దోపిడి. సొత్తుతో పారిపోవుటకై అడ్డువచ్చినవానిని కొట్టినను దోపిడియే. ఐదుగురుగాని అంతకు మించినవారుగాని కలిసి చేసినచో బందిపోటు. 1860 నాటి శిక్షాస్మృతిలోని ఈ నిర్వచనములు, 2024 జూలై 1 నుండి అమలునకు వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 309, 310 సెక్షన్లుగా నున్నవి. దోపిడికి 10 ఏండ్ల వరకు, రాత్రివేళ రహదారిపై చేసినచో 14 ఏండ్ల వరకు కఠిన కారాగారశిక్ష విధింపవచ్చును.

సొత్తు పోయెననియు, బలప్రయోగమో బెదిరింపో జరిగెననియు, చేసినవాడు ఈ ముద్దాయియే యనియు ప్రాసిక్యూషనువారు సహేతుకమైన సందేహమునకు తావులేకుండ రుజువు చేయవలయును. తరచుగా మూడవదే కష్టము. దోపిడి క్షణములలో ముగియును. కత్తి యెదుట నిలిచినవాని చూపు కత్తిమీదనే యుండును. అందుచే న్యాయమూర్తి విచారించును: వెలుతురు వీధిదీపముదా, వెన్నెలదా? దూరమెంత? ఎంతసేపు చూచితిరి? వాడు పూర్వపరిచితుడా?

ముద్దాయి అపరిచితుడైనచో గుర్తింపు పెరేడు జరుపుదురు. సాధారణముగా మేజిస్ట్రేటు సమక్షమున, వయస్సునందును ఆకారమునందును పోలికగల ఇతరుల నడుమ అతనిని నిలువబెట్టుదురు. సాక్షులను ఒక్కొక్కరిగా పిలుతురు. పోలీసువారు అచట నుండరాదు. అంతకుముందే పోలీసు ఠాణాలోనో, పత్రికలోని ఛాయాచిత్రముననో సాక్షి అతనిని చూచియున్నచో పెరేడునకు విలువ తగ్గును. అయినను పెరేడు స్వయముగా ప్రధానసాక్ష్యము కాదు. న్యాయస్థానమున ప్రమాణము చేసి చెప్పిన మాటయే ప్రధానము, ఆ మాటను పరీక్షించుటకే పెరేడు. ఆంధ్రప్రదేశ్ నుండి వెళ్ళిన ఒక కేసులో సుప్రీంకోర్టు 1960లో ఈ సంగతి స్పష్టము చేసెను.

గుర్తింపును గ్రుడ్డిగా నమ్మినచో ఏమగునో ఇంగ్లండులోని ఒక కేసు చాటుచున్నది. అది దోపిడి కాదు, స్త్రీలను వంచించి నగలు కాజేసిన మోసము. చిక్కు మాత్రము ఇదియే. 1896లో లండనునందు అడాల్ఫ్ బెక్ అను నార్వే దేశీయుని పలువురు స్త్రీలు ‘ఇతడే’ యనిరి. 7 ఏండ్ల శిక్ష పడెను. 1901లో విడుదలయిన ఆయనను 1904లో అట్టి నేరమునకే మరల పట్టిరి. మరల స్త్రీలు గుర్తించిరి. ఆయన చెరలో నుండగనే అట్టి మోసమే మరల జరిగి, అసలువాడు దొరికెను. 1907లో ఆ దేశమున క్రిమినల్ అప్పీలు కోర్టు నేర్పరచుటకు ఈ అన్యాయమొక కారణమయ్యెను.

అందుచే ముఖముతోపాటు వస్తువును గూడ న్యాయస్థానము పరిశీలించును. నేరము జరిగిన కొలదికాలములోనే సొత్తు ఒకనియొద్ద దొరికి, అది తనకెట్లు వచ్చెనో అతడు చెప్పజాలనిచో, దొంగయనియో, దొంగసొత్తని తెలిసి పుచ్చుకొన్నవాడనియో ఊహింపవచ్చును. అది మన సొత్తేయని చూపుటకు పాత్రపై చెక్కించిన పేరు, గొలుసునకు అతుకువేయించిన చోటు వంటి ఆనవాళ్ళు అక్కరకు వచ్చును.

మనకిట్టి ఆపద వచ్చినచో మొదటి ఫిర్యాదులోనే దొంగ యెత్తు, దుస్తులు, మాటతీరు, మచ్చలు, పోయిన వస్తువుల గుర్తులు చెప్పవలయును. చూడనిదానిని ఊహతో పూరింపరాదు. పెరేడులో నిశ్చయము కలుగనిచో ‘గుర్తింపలేను’ అనుటకు జంకరాదు. తొందరపడి ఒకనిని చూపినచో నిరపరాధి చెరసాలకు పోవును. అసలు దొంగ మరియొక యింటి తలుపు తట్టును.