పరిపూర్ణతాకాంక్షకు కొలబద్ద

లోపమెరుగని పని చేయవలెనను పట్టుదల మనలో పలువురకు కలదు. దీనిని కొలుచుటెట్లు? 2001లో అమెరికా మనస్తత్త్వ శాస్త్రజ్ఞులగు స్లేనీ మున్నగువారు 23 వాక్యముల ప్రశ్నావళిని ప్రకటించిరి. 2014లో రైస్ మున్నగువారు దానిని 8 వాక్యములకు కుదించిరి. ప్రతి వాక్యమును తానెంతవరకు అంగీకరించునో 1 నుండి 7 వరకు అంకెతో తెలుపవలెను.

నాలుగు వాక్యములు మన ఆశయముల ఔన్నత్యమును, తక్కిన నాలుగు ఎంత చేసినను చాలలేదను వెలితిని కొలుచును. రెంటిని వేరువేరుగా లెక్కింతురు. ఇదియే దీని విశేషము. నూటికి 95 మార్కులు వచ్చినను, పోయిన అయిదింటికై నిద్రమాను బాలుని బాధించునది ఆశయము కాదు, వెలితి.

ఎనిమిది వాక్యములు వ్యాధిని నిర్ణయింపజాలవు. అయినను మనమొకటి గ్రహింపవచ్చును: ఆశయమును తగ్గించుకొననక్కరలేదు, వెలితిని మాత్రము మనసులో దాచుకొనక పెద్దలతో చెప్పుకొనవలెను.