మన దారి గురించి మనమే చెప్పాలి



మనం బజారుకు నడిచి పోతాం. పిల్లలు నడిచో, సైకిల్ మీదో బడికి పోతారు. మన భైంసా మీదుగా 61వ నంబరు జాతీయ రహదారి పోతుంది. ఇటు నిర్మల్, అటు నాందేడ్. పత్తి ఏరే కాలంలో లారీలు, ట్రాక్టర్లు ఇంకా ఎక్కువ. ఆ సడక్ మీదనే మన పిల్లలూ దాటాలి.

బండి వేగం రెట్టింపైతే, బ్రేకు వేసినంక ఆగే దూరం నాలుగింతలు అవుతుంది. అందుకే మనుషులు తిరిగే చోట బండ్లు మెల్లగా పోవాలి.

సడక్ ఎట్లుండాలో ఇంజనీరు గీస్తాడు. కానీ పిల్లలు ఎక్కడ దాటుతారు? ఏ మూలకు దీపం లేదు? ఏ మోరీ మీద బండ లేదు? ఇవి రోజూ నడిచే మనకే తెలుసు.

నెదర్లాండ్స్ అనే దేశంలో 1971లో రోడ్డు ప్రమాదాల్లో సుమారు 3,300 మంది చనిపోయారు. అందులో 400 మందికి పైగా పిల్లలే. తల్లిదండ్రులు ఊరుకోలేదు. పిల్లలను వెంటబెట్టుకొని వీధుల్లోకి వచ్చారు. సర్కారు వినక తప్పలేదు. ఇప్పుడు అక్కడ సైకిళ్లకు వేరే బాటలు ఉన్నాయి.

మనకూ అడిగే హక్కు ఉంది. 2019 తెలంగాణ మున్సిపల్ చట్టం ప్రకారం ప్రతి వార్డుకు నాలుగు కమిటీలు ఉండాలి. ఒక్కో దానిలో 15 మంది. అందులో ఒకటి మహిళల కమిటీ.

మరి ఏం చేయాలి?

ఐదారుగురు కలిసి వాడలో నడవండి. బడి వేళకు ఒకసారి, చీకటి పడ్డాక ఒకసారి. కాగితం మీద దారి గీయండి. భయమున్న చోట గుర్తు పెట్టండి. ముసలివాళ్లను, సైకిల్ తొక్కే పిల్లలను, తోపుడు బండ్ల వాళ్లను అడగండి. వాళ్ల బతుకుదెరువు పోకుండా నడిచే జాగ దొరకాలి.

తర్వాత అర్జీ రాయండి. ఇట్లా రాయొచ్చు:

"మా బడి ముందర సడక్ దాటే చోట తెల్ల గీతలు వేయించండి. దీపం పెట్టించండి. బండ్లు మెల్లగా పోవాలని బోర్డు పెట్టించండి."

గల్లీల పని మున్సిపాలిటీది. జాతీయ రహదారి పని వేరే శాఖది. దాని గురించి నిర్మల్ కలెక్టరు ఆఫీసులో సోమవారం ప్రజావాణిలో అర్జీ ఇవ్వొచ్చు. రెండు కాపీలు రాయండి. ఒకదాని మీద ముద్ర, తేదీ వేయించుకొని దాచుకోండి. జవాబు రాకపోతే 2005 సమాచార హక్కు చట్టం కింద అడగండి. 30 రోజుల్లో జవాబు చెప్పాలి.

ఇప్పుడు మనకు సంతకం వచ్చు. అర్జీ కింద అందరం సంతకాలు పెడదాం. చదువు రాని వాళ్లకు అర్జీ మొత్తం చదివి వినిపించండి. విన్నాకనే వేలిముద్ర వేయమనండి.