అదే సైజు బోల్టు

సావనీరుకు ఏదైనా రాసి ఇమ్మని యూనియన్ మిత్రులు వచ్చి కూర్చుంటే, కథలూ కవితలూ నాకు చేతకావని చెప్పి తప్పుకోబోయాను. "పోనీ మీ కారు గురించి రాయండి సార్" అన్నారు. మా కారు ఈ ఆవరణలో పాతవాళ్లకు పరిచయమే. మా నాన్నగారు ఇక్కడ రసాయనశాస్త్రం చెప్పిన రోజుల్లో సైన్సు బ్లాకు పక్కన వేపచెట్టు కింద నిలబడి ఉండేది, అదే ఆ 1966 అంబాసిడర్ మార్క్-2. చరిత్ర పాఠాలు చెప్పుకునేవాడికి ఇంజనుతో ఏం పని అని మెకానికల్ విభాగం వారు నవ్వుకోవచ్చు. నవ్వుకోదగ్గ సంగతి ఒకటి కింద ఉంది కూడా.

రెండేళ్ల కిందట మా కారు నీలంపొగ కొట్టడం మొదలుపెట్టింది. పెట్రోలుతో సమానంగా ఆయిలు తాగేది. నాన్నగారు "నాకు ఎనభై నాలుగు. దానికీ వయసయింది. పాత ఇనుముకి ఇచ్చెయ్యరా" అన్నారు. అన్నారే గాని, తెల్లారి లేచి చూస్తే గుడ్డ పట్టుకుని బానెట్ తుడుస్తూ కనిపించారు. ఇక ఇంజను దించక తప్పలేదు.

అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది. కనుక సామాను దొరకదని అందరూ భయపెట్టారు. నిజానికి సికింద్రాబాద్ రాణీగంజ్‌లోనూ, విజయవాడ ఆటోనగర్‌లోనూ వెతికితే సామాను దొరుకుతుంది. చిక్కంతా దొరికినది మన ఇంజనుకు సరిపోతుందా అన్న దాని దగ్గరే. "అంబాసిడర్ పిస్టన్ ఇవ్వండి" అంటే అది ప్రశ్నే కాదు. ఏ అంబాసిడర్? మాది 1489 సి.సి. పెట్రోలు ఇంజను. తర్వాత వచ్చిన డీజిలు అంబాసిడర్ ఇంజను కూడా 1489 సి.సి.యే! సిలిండరు వ్యాసం 73.025 మిల్లీమీటర్లు, స్ట్రోకు 88.9, రెండింటికీ ఒకటే. అయినా డీజిలు పిస్టన్ పెట్రోలు ఇంజనుకు పనికిరాదు. ఇక 1990ల్లో వచ్చిన ఇసుజు ఇంజను జాతే వేరు. పైగా మన దేశంలో ఇంజన్లు మార్పించుకున్న అంబాసిడర్లకు లెక్కలేదు. కాబట్టి మొట్టమొదట ఆర్.సి. పుస్తకం పక్కన పెట్టి, బానెట్ ఎత్తి, బ్లాకు మీద ఉన్న నంబరు చదువుకోవాలి.

ఆ నంబరు వెనక పెద్ద వంశవృక్షమే ఉంది. ఈ ఇంజను పుట్టింది ఇంగ్లండులో. బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ వారు దాన్ని బి-సిరీస్ అన్నారు. 1489 సి.సి. రకం ఆస్టిన్ కేంబ్రిడ్జ్‌లోనూ, మోరిస్ ఆక్స్‌ఫర్డ్‌లోనూ, 1955లో వచ్చిన ఎం.జి.ఎ. అనే స్పోర్ట్స్ కారులోనూ నడిచింది. దాన్నే పెద్దది చేసి 1962లో 1798 సి.సి.గా ఎం.జి.బి.లో పెట్టారు. ఆ ఎం.జి. కార్లను అక్కడివాళ్లు ఇప్పటికీ ముద్దుగా చూసుకుంటారు గనక వాటి సామాను కొత్తగా తయారవుతూనే ఉంది. మనకది మేనమామ ఇంటి ఆస్తి లాంటిది. కొంత మనకూ చెల్లుతుంది, అంతా చెల్లదు. ఎం.జి.బి. స్ట్రోకు కూడా 88.9 మిల్లీమీటర్లే, కాని దాని సిలిండరు వ్యాసం 80.26. పైగా 1964 నుంచి దాని క్రాంక్ షాఫ్ట్‌కు మెయిన్ బేరింగులు అయిదు, మనకు మూడు. ఎం.జి.ఎ. మనకు మరీ దగ్గర చుట్టమే గాని, దానికి కార్బురేటర్లు రెండు. దుకాణం మీద పేరు చూసి కాదు, భాగం నంబరు చూసి కొనాలి. పాత బి.ఎం.సి. నంబర్లు 1జి, 12హెచ్, 88జి అంటూ మొదలవుతాయి.

నంబరు కుదిరినా కొలత మిగిలే ఉంటుంది. అరవై ఏళ్లలో ఆ బ్లాకును ఎవరెవరు ఎన్నిసార్లు బోరు చేయించారో ఎవరికి తెలుసు? బోరు చేసిన ప్రతిసారీ సిలిండరు పెద్దదవుతుంది, దానికి తగ్గ ఓవర్‌సైజు పిస్టన్ వేస్తారు: 10, 20, 30, 40. ఇవి థౌలు, అనగా అంగుళంలో వెయ్యో వంతులు. క్రాంకుది తిరకాసు లెక్క. అరగదీసిన కొద్దీ అది సన్నబడుతుంది, బేరింగు దళసరి కావాలి. మా మేస్త్రీ గారు పిస్టన్ నెత్తి మీద అంకె నమ్మలేదు. సిలిండరును పైన ఒకసారి, కింద ఒకసారి, నిలువునా అడ్డంగా కొలిచారు. రింగులు అందని అడుగుభాగం అరగదు, అసలు సైజు అక్కడ తెలుస్తుంది. అరుగుదల ఎంతో పైభాగం చెబుతుంది. క్రాంకు పిన్నులు నాలుగూ విడివిడిగా కొలిచారు. "ఒక్కటి కొలిచి మిగతా మూడూ అంతే అనుకుంటే, ఆ మూడిట్లో ఒకటి మన కొంప ముంచుద్ది బాబూ" అన్నారు. ఆ మాట అప్పుడు వినడానికి బాగానే ఉంది.

ఇక నా ప్రతాపం. వాటర్ పంపు బోల్టు ఒకటి తుప్పు పట్టి తల ఊడింది. మేస్త్రీ గారు దాన్ని తీసి, "కొత్తది రేపు తెస్తాను, ముట్టుకోకండి" అని వెళ్లారు. నేను ఊరుకోకుండా వీధి చివర హార్డ్‌వేర్ దుకాణానికి పోయి అదే లావు, అదే పొడవు చూసి బోల్టు తెచ్చాను. రెండు చుట్లు చేత్తోనే హాయిగా తిరిగింది. తర్వాత బిగుసుకుంది. తుప్పు కాబోలనుకుని పొడుగు పిడి తగిలించి తిప్పాను. కిర్రుమని లోపలికి పోయింది. ఎంతో సంతోషించాను. బయటికి తీస్తే బోల్టుతో పాటు బ్లాకు మరలు కూడా పొడి పొడిగా రాలాయి.

జరిగింది ఇది. నేను తెచ్చింది 8 మిల్లీమీటర్ల మెట్రిక్ బోల్టు. బ్లాకులో ఉన్నది 5/16 అంగుళం, యు.ఎన్.ఎఫ్. మర. లావులో తేడా మిల్లీమీటరులో వందో వంతులు ఆరు మాత్రమే: 8.00, 7.94. కాని మరకూ మరకూ మధ్య దూరం మెట్రిక్‌లో 1.25 మిల్లీమీటర్లు, ఇందులో 1.06. రెండు చుట్ల దాకా మొహమాటానికి కలిసి నడుస్తాయి, తర్వాత ఒకదాన్నొకటి కోసుకుంటాయి. పాన కూడా మోసమే. దీని తలకు అర అంగుళం పాన, అంటే 12.7 మిల్లీమీటర్లు. 13 నంబరు పాన దాదాపు పట్టేస్తుంది, అంచులు గుండ్రంగా అరగదీస్తుంది.

ఇంతకన్నా వింత పాత మోరిస్ ఇంజన్లలో ఉంది. మోరిస్‌కు ఇంజన్లు చేసిపెట్టిన హాచ్‌కిస్ ఫ్రెంచి సంస్థ. దాని కోవెంట్రీ కర్మాగారాన్ని 1923లో మోరిస్ కొన్నాడు. అక్కడి యంత్రాలు మెట్రిక్ మరలే కోసేవి, బ్రిటిష్ మెకానిక్ దగ్గర ఉండేవి విట్‌వర్త్ పానలు. అందుకని మర ఫ్రెంచిదీ, తల ఇంగ్లీషుదీ పెట్టారు! వాటిలో 8 మిల్లీమీటర్ల మరకు దూరం ఒకే ఒక్క మిల్లీమీటరు. అంటే చూపుకు ఒకేలా కనిపించే బోల్టులు మూడు రకాలయ్యాయి. పది పన్నెండు పళ్ల రేకులున్న పిచ్ గేజి ఒకటి జేబులో ఉంటే ఈ గొడవ లేదు. ఫియట్ వారికి ఈ బాధ తక్కువ, వాళ్లది మొదటినుంచీ మెట్రికే.

మేస్త్రీ గారు వచ్చి చూసి కేకలేయలేదు. వేసినా బాగుండేది. "బోల్టు పోతే పది రూపాయలు. ఈ బ్లాకు పోతే అయ్యగారికి ఏం చెబుతారు?" అన్నారు. ఆ సాయంత్రం నాన్నగారు అడిగితే "పని నడుస్తోంది" అని అబద్ధం చెప్పాను. మర్నాడు లేత్ షాపులో కన్నం కాస్త పెద్దది చేసి, కొత్త మర కోసి, లోపల తీగచుట్ట లాంటి హెలికాయిల్ దింపారు. ఇప్పుడు అందులో అసలు 5/16 బోల్టే బిగుస్తుంది. అంతా అయ్యాక నాన్నగారితో చెప్పాను. "బలం ఉపయోగించావా?" అన్నారు. అంతే.

సైజు కుదిరినంత మాత్రాన సరిపోదని కూడా ఈ పనిలోనే తెలిసింది. పాత పెట్రోలులో సీసం ఉండేది, అది వాల్వు సీట్లను అరగకుండా కాపాడేది. 2000 సంవత్సరం నుంచి దేశమంతటా సీసం లేని పెట్రోలే. అందుకని ఎగ్జాస్ట్ వాల్వులకు గట్టి లోహపు సీట్లు వేయించాం. ఇప్పుడు పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ కలుస్తోంది. పాత స్టాకులో దొరికే ఒరిజినల్ పెట్రోల్ పంపు డయాఫ్రమ్, రబ్బరు గొట్టాలు చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి గాని ఆ ద్రవానికి ఉబ్బి, మెత్తబడి చీలుతాయి. ఈ విషయంలో రసాయనశాస్త్రం వారి సలహా తీసుకున్నాను. ఒరిజినల్ డబ్బాలోని డయాఫ్రమ్ పక్కన పెట్టించి ఇథనాల్‌కు తట్టుకునే రకం వేయించింది నాన్నగారే.

సంక్రాంతికి ముందు కారు కదిలింది. మొదటి వెయ్యి కిలోమీటర్లు నెమ్మదిగా నడపాలి గనక గంటకు నలభై దాటకుండా నాన్నగారిని కూర్చోబెట్టుకుని కాలేజీ చుట్టూ తిప్పాను. వేపచెట్టు ఉన్నచోట ఇప్పుడు సైకిల్ స్టాండు ఉంది, అక్కడ ఆపమన్నారు. దిగలేదు. ఇంజను చప్పుడు కాసేపు విని "టాపెట్ ఒకటి గట్టిగా కొడుతోంది, చూపించు" అన్నారు. చూపించాను. ఉండవలసినది 15 థౌలు, మూడో సిలిండరుకు 19 ఉంది.

ఇంకొక్క మాట. పూర్వ విద్యార్థుల ఇళ్లలో అటకల మీద పాత అంబాసిడర్, ల్యాండ్‌మాస్టర్ పార్ట్స్ పుస్తకాలు పడి ఉంటే దయచేసి తూకానికి వేయకండి. మా విభాగంలో ఇస్తే నకలు తీసుకుని భద్రంగా తిరిగి ఇస్తాను. నా దగ్గర ఉన్న ప్రతిలో గేర్ బాక్సు పేజీలు చెదలు తిన్నాయి, ఈ మధ్య మూడో గేరు జారుతోంది.